నాలుగు తీగల మనిషి

పోయిన వేసవిలో మా తమ్ముని కొడుకు బెంగళూరు నుంచి వస్తూ, తన ఎత్తున్న నల్లటి సంచి ఒకటి వీపుకు తగిలించుకొని బట్లహళ్ళిలో బస్సు దిగినాడు. ఇంజనీరింగు చదివి ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది. మొదటి జీతాలు కూడబెట్టి ఏదో యంత్రం కొన్నాడేమో అనుకున్నాము. నడవలో కూర్చొని సంచి విప్పితే పొడుగాటి మెడ, నాలుగే నాలుగు లావాటి తీగలు ఉన్న గిటారు బయటపడింది.

"ఏమిరా అబ్బయ్యా, వీణా?" అని అడిగింది ఎనభై ఐదేళ్ళ మా అమ్మ.

"కాదవ్వా, బేస్ గిటారు."

వాడు తీగ మీటినాడు. కరెంటు పెట్టె ఇంకా తగిలించలేదు గనక పక్కనున్న మాకు కూడా సరిగా వినబడలేదు. మా తమ్మునికి కోపం వచ్చింది. "ఆరు తీగలదైతే పాటన్నా పలుకుతుంది. ఇంత డబ్బు పోసి రెండు తీగలు తక్కువుండేది తెచ్చినావే!" అన్నాడు.

"ఇది ఉన్నప్పుడు ఎవరికీ తెలీదు నాయనా. ఆపేసినప్పుడు తెలుస్తుంది" అన్నాడు వాడు.

ఆ మాట నాకు నచ్చింది. ఆ రాత్రి మిద్దె మీద పడుకొని వాడు తన ఫోనులో కొన్ని పాటలు వినిపించినాడు. అవి వాయించినవాని పేరు రాహుల్ రామ్ అని, తాను ఈ వాద్యం పట్టడానికి ఆయనే కారణమని చెప్పినాడు. నేను ముప్పై ఏండ్లు బడిపంతులు పని చేసినవాణ్ణి. తెలియని పేరు చెవిన పడితే ఊరుకోలేను. ఆ పేరు వెంట పోయి తెలుసుకున్న సంగతులను మన పత్రిక చదువరులకు చెప్పాలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇది ఒక రాక్ వాద్యకారుని చరిత్ర. కానీ చదువుతూ పోతే, చింతామణి, బాగేపల్లి తాలూకాలలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరిగిన మనకు ఇందులో కావలసింది ఒకటి ఉన్నదని మీకే తెలుస్తుంది.

ముందు వాద్యం సంగతి చెప్పాలి. పాశ్చాత్య సంగీతంలో మంద్రస్థాయి పని చాలాకాలం డబుల్ బేస్ చేసేది. అది మనిషి కన్నా ఎత్తుండే ఫిడేలు వంటి వాద్యం. నిలబడి వాయించాలి. ఊరూరూ మోసుకొని తిరగడం కష్టం. కరెంటు గిటార్లు, డ్రమ్ములు వచ్చినాక దాని గొంతు వాటి కింద మునిగిపోయింది. దీనికి విరుగుడుగా అంతకుముందే కొందరు కొన్ని ప్రయత్నాలు చేసినా, జనంలోకి పోయింది మాత్రం 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అమ్మకానికి తెచ్చిన వాద్యం. ఆయన మొదట రేడియోలు బాగుచేసే అంగడి నడిపినవాడు. డబుల్ బేస్‌కు ఉండే నాలుగు తీగల శ్రుతినే ఉంచి, వాద్యాన్ని మెడకు తగిలించుకొనేంత చేసి, వీణకు ఉన్నట్లు మెట్లు పెట్టి, ధ్వనిని కరెంటుతో పెంచినాడు. మెట్లుంటే స్వరస్థానం తప్పదు గనక దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టినారు. మామూలు గిటారులో అన్నిటికన్నా కింది తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తే, దీనిలోని కింది తీగ సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంటే ఒక స్థాయి కింద.

ఇంత కింది ధ్వనిని చిన్న స్పీకర్లు పలకలేవు. మా కాలంలో ట్రాన్సిస్టరు రేడియోల స్పీకరు అరచేయంత ఉండేది. చింతామణిలో క్యాసెట్లు కొనుక్కొని, చవక టేపు రికార్డరులో ఇళయరాజా పాటలు తీగ తెగేదాకా విన్నవాళ్ళం మేము. ఆ పాటలలో బేస్ గిటారు ఎంత పని చేస్తున్నదో మాకు తెలియనే తెలియదు. ఒకసారి ఊళ్ళో పెండ్లి ఊరేగింపుకు పెద్ద పెట్టెలు తెచ్చి అవే పాటలు వేసినప్పుడు, వంద సార్లు విన్న పాటలోనే ఏదో కొత్త నడక గుండెల్లో కదిలింది. కొత్తది కాదు, అది మొదటి నుంచీ అక్కడే ఉంది. వినే సాధనం మాకు లేకపోయింది.

రాక్ బృందంలో ముందు నిలబడేది పాటగాడు. వాని పక్కన మెరిసేది గిటారు వాయించేవాడు. బేస్ వాయించేవాడు సాధారణంగా డ్రమ్ముల దగ్గర నిలబడి తాళానికీ రాగానికీ ముడి వేస్తుంటాడు. బీటిల్స్ బృందంలో 1961లో స్టూవర్ట్ సట్‌క్లిఫ్ తప్పుకున్నప్పుడు ఆ బరువు పాల్ మెకార్ట్‌నీ మీద పడింది. ఆయన అంత పెద్దవాడై కూడా ఆ నాలుగు తీగలను వదలలేదు. మన దగ్గర గుడి ముందర రాత్రంతా తత్వాలు పాడుతున్నప్పుడు, తంబుర మీటేవాని పేరు ఎవరైనా అడిగినారా? బేస్ వాద్యం కూడా అట్లాంటి పనే.

ఇక రాహుల్ రామ్ సంగతికి వస్తాను. ఆయన ఢిల్లీ మనిషే అయినా ఇంటి వేర్లు మన పాత మైసూరు సీమలో ఉన్నాయి. తాత హొళెనరసీపుర యోగనరసింహం గారు ఉపాధ్యాయుడు, కర్ణాటక సంగీతంలో కృతులు కట్టినవాడు. మైసూరు వాసుదేవాచార్యుల వంటి పెద్దలు తెలుగులోను, సంస్కృతంలోను కృతులు రాస్తూ, కన్నడ రాజ్యంలో తెలుగు పాటకు ఆస్థాన గౌరవం దక్కిన కాలం అది. యోగనరసింహం గారి కొడుకులలో హెచ్.వై. శారదాప్రసాద్ 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో విద్యార్థిగా జైలుకు పోయి, ఆ తరువాత ఇందిరాగాంధీకి సమాచార సలహాదారు అయినారు. నారాయణ దత్ హిందీలో నవనీత్ పత్రికకు సంపాదకులుగా పనిచేసినారు. హెచ్.వై. మోహన్ రామ్ ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యులుగా పేరుపొందినారు. రాహుల్ ఈ మోహన్ రామ్ గారి కొడుకు. ఒకే ఇంటివాళ్ళు కన్నడంలో పుట్టి ఇంగ్లీషులో, హిందీలో, సంగీతంలో, శాస్త్రంలో తలా ఒక దారి పట్టి పోవడం చూస్తే, మైసూరు సీమలో భాషల మధ్య గోడలు ఒకప్పుడు ఎంత పలుచగా ఉండేవో అర్థమవుతుంది.

రాహుల్ చదువు కూడా చిన్నది కాదు. కాన్పూరు ఐఐటీలో రసాయనశాస్త్రం ఎమ్మెస్సీ. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో పిహెచ్.డి. నేలలో, నీటిలో చేరే విషాలు ప్రాణులను ఏమి చేస్తాయో చెప్పే శాస్త్రం అది. ఆ చదువుతో అక్కడే స్థిరపడినవాళ్ళు మన ఊళ్ళలో కూడా ఉన్నారు. ఈయన మాత్రం తిరిగి వచ్చి, 1990ల మొదటి అర్ధభాగంలో నర్మదా బచావో ఆందోళనలో కలిసి పనిచేసినాడు.

ఇక్కడ మా ఇంట్లో జరిగిన వాదం ఒకటి చెప్పాలి. ఈ మాట నేను చదివి వినిపించగానే మా తమ్ముడు, "ఆనకట్టలు వద్దన్నవాడా? అయితే మనకేమి సంబంధం!" అన్నాడు. వాని కోపంలో న్యాయం లేకపోలేదు. కావేరి మీద కృష్ణరాజసాగరం కట్టించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టింది మన జిల్లాలోనే, ముద్దేనహళ్ళిలో. తెలుగు ఇంట పుట్టి మైసూరు రాజ్యానికి దివాను అయిన ఆయన పటం మా బడిలో గాంధీగారి పటం పక్కన ఉండేది. పైగా మనది ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటి లేని సీమ. నంది కొండల వైపు పుట్టే పెన్న, పాలారు, చిత్రావతి, పాపఘ్ని అన్నీ మనల్ని వదిలి కిందికి పోయేవే. చెరువులు ఎండినాక వేయి అడుగులకు పైగా బోర్లు వేసి, ఫ్లోరైడు నీళ్ళు తాగినవాళ్ళం. అట్లాంటివాళ్ళ ముందర ఆనకట్ట వద్దు అనే మాట నిలవడం కష్టం.

అయినా ఎదుటి కథ కూడా వినాలి. నర్మద మీద సర్దార్ సరోవర్‌కు 1961లో నెహ్రూ పునాది రాయి వేసినారు. 1985లో ప్రపంచ బ్యాంకు 45 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకుంది. మునిగిపోయే లోయలో ఎక్కువమంది భిల్లులు, ఇతర ఆదివాసులు, రైతులు. మేధా పాట్కర్ వంటివాళ్ళు వాళ్ళను కూడగట్టి అడిగింది మొదట చాలా చిన్న ప్రశ్న: నీళ్ళు వాళ్ళకు, మునక మాకు, మరి మాకు భూమి ఎక్కడ? ఆ ఒత్తిడి మీద ప్రపంచ బ్యాంకు నియమించిన స్వతంత్ర సంఘం 1992లో పునరావాసం సరిగా లేదని నివేదిక ఇచ్చింది. 1993లో మిగిలిన అప్పు వద్దని మన ప్రభుత్వమే ప్రకటించింది. పని మాత్రం ఆగలేదు. 2000 అక్టోబరులో సుప్రీంకోర్టు నిర్మాణం సాగనిచ్చింది. 138.68 మీటర్ల ఎత్తుతో ఆ ఆనకట్టను 2017 సెప్టెంబరులో జాతికి అంకితం చేసినారు. గుజరాతులో ఎండిన పల్లెలకు నీళ్ళు వచ్చినాయి, నిజం. లోయలో ఊళ్ళు పోయినాయి, అది కూడా నిజం. ఇదంతా విని మా తమ్ముడు చాలాసేపటికి, "మన చెరువు కింద ఊరు ముంచుతామంటే మనమూ అడిగేవాళ్ళమే" అన్నాడు. వాదం అంతటితో ఆగింది.

ఆ లోయలో తిరుగుతూనే 1991లో రాహుల్ ఒక బృందంలో బేస్ వాయించడానికి చేరినాడు. ఆ బృందం పేరు ఇండియన్ ఓషన్. గిటారు వాయించే సుశ్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అశీమ్ చక్రవర్తి 1984లో కలుసుకొని, 1990లో దానికి రూపం ఇచ్చినారు. ఆ పేరు సూచించింది సుశ్మిత్ తండ్రి. మొదటి క్యాసెట్ 1993లో వచ్చింది. 1994లో అమిత్ కిలమ్ అనే యువకుడు డ్రమ్ములకు చేరినాక ఆ నలుగురి జట్టు కుదిరింది.

వాళ్ళ సంగీతాన్ని రాక్ అంటారు గానీ, చెవికి పెట్టుకొని వింటే మనకు పరాయిగా తోచదు. తబలా వాయిస్తున్నవాడే కూర్చున్నచోటి నుంచి పాడుతాడు. అమిత్ చేతిలో డ్రమ్ముల కర్రలతో పాటు బెంగాలు బావుల్ పాటగాళ్ళ గబ్‌గుబి కూడా ఉంటుంది. చంకలో ఇరికించుకొని, తోలుకు కట్టిన తీగను లాగుతూ మీటే వాద్యం అది. మన ఎల్లమ్మ కథ చెప్పేవాళ్ళ చేతిలో ఉండే చౌడికె చూసినవాళ్ళకు అది ఏ ఇంటి బిడ్డో చెప్పనక్కరలేదు. గిటారు ఇంగ్లీషు పాటల దారిలో పోక మన రాగాల ఛాయలో నడుస్తుంది. ఇన్ని వేరు వేరు వాద్యాలను ఒకచోట నిలబెట్టేది కింద నడిచే రాహుల్ నాలుగు తీగలే. మా అబ్బయ్య ఒక పాటలో ఆ కింది నడకను వేలితో మోకాలి మీద కొట్టి చూపిస్తే గానీ నాకు పట్టుబడలేదు. పట్టుబడినాక మరి వదలలేదు.

వాళ్ళకు దారి సులువుగా దొరకలేదు. సినిమా పాట కానిది, ఇంగ్లీషు పాట కానిది, శాస్త్రీయం కానిది కొనేదెవరని క్యాసెట్ కంపెనీల సందేహం. రెండో ఆల్బమ్ డెజర్ట్ రెయిన్ స్టూడియోలో చేసింది కూడా కాదు. 1997 జనవరి 1న ఢిల్లీలో సఫ్దర్ హష్మీ జ్ఞాపకార్థం సహమత్ జరిపిన సభలో జనం ముందర వాయించినదాన్నే రికార్డు చేసి తెచ్చినారు. వీధి నాటకం ఆడుతూ దెబ్బలు తిని 1989లో ప్రాణం పోగొట్టుకున్న కళాకారుని సభ అది. ఆ బృందం ఎవరి పక్కన నిలబడిందో ఆ చోటే చెబుతుంది.

2000లో వచ్చిన కందీశ ఆల్బమ్‌తో వాళ్ళ పేరు దేశమంతా తెలిసింది. నా దృష్టి ఎక్కువగా నిలిచింది ఆ ఆల్బమ్ మీదనే. కారణం అందులోని భాషలు. కందీశ అనే పాట కేరళ సిరియను క్రైస్తవుల ప్రార్థన. భాష అరమాయిక్ కుటుంబానికి చెందిన సిరియాక్. యేసుక్రీస్తు మాట్లాడినది అరమాయిక్ అని పండితులంటారు. ఈనాడు కేరళలో దానిని ఇంటి భాషగా మాట్లాడేవాళ్ళు లేరు, చర్చిలో పాటగా మాత్రం శతాబ్దాలుగా బతికింది. దాన్ని ఢిల్లీలో ఒక బెంగాలీ, ఒక మైసూరు ఇంటివాడు, ఒక కాశ్మీరీ కలిసి పాడితే, అర్థం తెలియని కాలేజీ పిల్లలు వేలమంది గొంతు కలిపినారు. అదే ఆల్బమ్‌లో గోరఖ్ పాండే భోజ్‌పురీలో రాసిన పాట ఉంది. మా రేవా ఉంది. రేవా అంటే నర్మద. నర్మదా లోయలో జనం పాడుకొనే పాటను రాహుల్ అక్కడి నుంచి తెచ్చినాడు.

మా రేవా విన్నప్పుడు నాకు రెండు ఆలోచనలు వచ్చినాయి. మొదటిది సంతోషం. లోయలో నది గట్టున పుట్టిన పాట పెద్ద నగరాలలో, విదేశాలలో మోగింది. ఆ నది పేరు విననివాళ్ళు కూడా ఆ పేరు పలికినారు. రెండవది మనసును కలుక్కుమనిపించేది. పాట ఊరు దాటి పోయింది, ఊరు నీళ్ళ కింద ఉంది. పాటకు చప్పట్లు కొట్టినవాళ్ళు ఊరి కోసం ఏమి చేసినారు? ఒక పాట ఒక ఆనకట్టను ఆపలేదు. జానపదుల పాట తీసుకొని పేరు తెచ్చుకొన్నవాళ్ళు మన సినిమాలలో కూడా ఎంతోమంది ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఆ పాట ఎక్కడిదో చెప్పలేదు. ఈ తూకంలో రాహుల్‌ను పెట్టి చూసినాను. ఆయన పాటను దారిలో ఏరుకోలేదు. ఆ లోయవాళ్ళతో కలిసి పోరాటంలో తిరిగి, వాళ్ళ మధ్య విని నేర్చుకున్నాడు. కచేరీలో పాటకు ముందు అది ఎవరిదో, ఎక్కడిదో వివరంగా మాట్లాడడం ఆయన అలవాటు. చేయగలిగినది అంతే కావచ్చు. అంత కూడా చేయనివాళ్ళు ఎక్కువ అని మరిచిపోకూడదు.

ఆ తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 2003లో ఝీనీ వచ్చింది. 1993 బొంబాయి పేలుళ్ళ మీద అనురాగ్ కశ్యప్ తీసిన బ్లాక్ ఫ్రైడే సినిమాకు సంగీతం ఇచ్చినారు. పీయూష్ మిశ్రా రాసిన బందే పాట సినిమా కన్నా ముందే జనంలోకి పోయింది. కోర్టు చిక్కుల వల్ల ఆ సినిమా 2007 దాకా విడుదల కాలేదు. ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని ఒక పాత బంగళాలో వాళ్ళు ఏండ్ల తరబడి సాధన చేసినారు. ఆ ఇంటి నంబరునే, 16/330 ఖజూర్ రోడ్ అని, 2010లో ఒక ఆల్బమ్‌కు పేరు పెట్టి, నెలకొక పాట చొప్పున ఉచితంగా జనానికి ఇచ్చినారు. ఆ పాటలు వినడానికి అశీమ్ లేడు. 2009 డిసెంబరు 25న గుండె జబ్బుతో పోయినాడు. వాళ్ళ మీద జైదీప్ వర్మ తీసిన లీవింగ్ హోమ్ అనే డాక్యుమెంటరీ 2010లో థియేటర్లలో ఆడింది, జాతీయ పురస్కారం పొందింది. 2013లో సుశ్మిత్ సేన్ తన దారి తాను చూసుకున్నాడు.

బృందం మొదలుపెట్టిన ఇద్దరూ లేకుండా బృందం నిలుస్తుందా? మన నాటక సమాజాలలో, భజన మేళాలలో పెద్దవాడు పోతే మేళం చెదిరిపోవడం ఎన్నోసార్లు చూసినాము. ఇక్కడ అట్లా కాలేదు. రాహుల్, అమిత్ నిలబడినారు. పాటకు హిమాంశు జోషి, తబలాకు తుహిన్ చక్రవర్తి, గిటారుకు నిఖిల్ రావు వచ్చినారు. 2014లో శంకర్ మహదేవన్, శుభా ముద్గల్ వంటి అతిథులతో తందాను అనే ఆల్బమ్ చేసినారు. ఆ పేరు వింటే నాకు మాత్రం బుర్రకథ వంతవాళ్ళే కళ్ళ ముందర మెదిలినారు. 2015లో మసాన్ సినిమాకు సంగీతం ఇచ్చినారు. 2023లో తూ హై అనే ఆల్బమ్ వచ్చింది. 1991లో కింది తీగలు పట్టుకొన్న మనిషి ముప్పై ఏండ్ల తరువాత కూడా వాటిని వదలలేదు. మెరిసే వాద్యాలు మారినా కింది నడక ఒకటే ఉండటం వల్ల వినేవాళ్ళకు అది ఆ బృందమే అనిపించింది.

ఇంకొక ముచ్చట. సంజయ్ రాజౌరా, వరుణ్ గ్రోవర్‌లతో కలిసి ఐసీ తైసీ డెమోక్రసీ అనే వ్యంగ్య కార్యక్రమం కూడా రాహుల్ నడిపినాడు. పాత సినిమా పాటల వరుసలకు కొత్త మాటలు కట్టి ఏలేవాళ్ళను వెక్కిరించడం అందులో ఆయన పని. పెదనాన్న ప్రధానమంత్రికి సలహాలు చెప్పినారు, ఈయన ప్రభుత్వాలకు చురకలు పెట్టినాడు. మన వీధి భాగవతాలలో హాస్యగాడు రాజు ముందరే రాజును అనే మాటలు గుర్తున్నవాళ్ళకు ఇది వింతగా తోచదు.

ఇక మన సంగతి. చింతామణి దగ్గర కైవారంలో కూర్చొని, తెలుగులోను కన్నడంలోను తత్వాలు పాడిన నారేయణ తాతయ్యగారి పుస్తకం మా ఇంట్లో ఒకటి ఉంది. తత్వాలు తెలుగువి, అచ్చు మాత్రం కన్నడ లిపిలో. మా తరం వాళ్ళు చాలామంది అట్లాగే చదువుకున్నాము. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, చందమామలోను, సినిమా గోడపత్రికల మీదను. మా అబ్బయ్యకు అది కూడా లేదు. వాడు తెలుగు మాట్లాడుతాడు, చదవలేడు. వాని పిల్లలు మాట్లాడుతారో లేదో చెప్పలేను. దీనికి కన్నడం మీద నాకు కోపం లేదు. కన్నడమే నాకు కూడు పెట్టింది. కానీ మా అమ్మ పాడే రాగులు విసిరే పాటలు, కలుపు పాటలు ఆమెతోనే పోతాయన్న దిగులు చాలాకాలంగా ఉంది. పాట కాగితం మీద రాసి పెడితే చాలదు, నోట్లో పడాలి. ఈ కాలం పిల్లల నోట్లో పడాలంటే ఈ కాలం వాద్యం మీద ఎక్కాలి. బెంగళూరులో 2003లో మొదలైన అగం బృందం త్యాగరాజస్వామి కృతులను రాక్ వాద్యాలతో పాడితే, తెలుగు రాని పిల్లలు కూడా ఆ తెలుగు మాటలు పలుకుతున్నారు. కృతులకు పుస్తకాలున్నాయి, గురువులున్నారు. మా అమ్మ పాటకు ఎవరున్నారు?

ఈ మాటలే నేను ఒక సాయంకాలం అబ్బయ్యతో అన్నాను. వాడేమీ బదులు చెప్పలేదు. మరునాడు పొద్దున కరెంటు పెట్టె తగిలించి అవ్వ పక్కన కూర్చొని, "అవ్వా, రాగిరాయి పాట చెప్పు" అన్నాడు. ఆమె సిగ్గుపడింది. "రాయి లేకుండా పాటెట్లొస్తుందిరా? రాయి తిరగతా ఉంటే పాట అదే వస్తుంది" అంది. మా ఇంట్లో విసురురాయి తిరిగి నలభై ఏండ్లయింది. పెరట్లో పై పలక ఒకటి బోర్లా పడి ఉంది, కింది పలక కనబడలేదు.

వాడు కింది తీగ మీద ఒకే స్వరం పట్టి, నెమ్మదిగా, చుట్టు తిరిగినట్లు మోగించినాడు. గోడకు ఆనుకున్న మా వీపులకు అది తగిలింది. అమ్మ కొంచెంసేపు విని, "ఆ, రాయి మాదిరే ఉండాది" అని పాట ఎత్తుకుంది. మూడు చరణాలు గుర్తున్నాయి. నాలుగోది సగంలో మరిచిపోయింది.

వాడు ఫోనులో రికార్డు చేసుకొని, మాటలు ఒక కాగితం మీద కన్నడ అక్షరాలలో రాసుకున్నాడు. నేను పక్కన కూర్చొని తెలుగులో ఇంకొక ప్రతి రాసినాను. కడపట వాడు, "పాట ఎవరిదని రాయాలవ్వా?" అని అడిగినాడు.

"ఎవరిదో నాకేం తెలుసురా. మా అత్త పాడతా ఉండె, బట్లహళ్ళిలో" అంది.

ఇద్దరమూ అదే రాసుకున్నాము.